కొబ్బరి పచ్చడి నీలం తిరిగిన రోజు

వీరాయమ్మ మెస్సులో నెల్లాళ్ళు తిన్నవాళ్ళకి ఇంక ఇంటి వంట కూడా సయించదని రొయ్యల ఫ్యాక్టరీలో చెప్పుకునేవారు. ఆ ఫ్యాక్టరీ ఐ.పోలవరానికి కాస్త ఇవతల, పంటకాలవ పక్కన ఉండేది. చుట్టుపక్కల చెరువుల్లోంచి వచ్చిన టైగర్ రొయ్యల్ని తలలు తీసి, తొక్క వలిచి, గడ్డకట్టించి విదేశాలకి పంపేవాళ్ళు. మూడువందల మంది పని చేసేవారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. పొద్దున్నే ఖాళీ కడుపులతో బస్సు దిగిన వాళ్ళకి గేటుకెదురుగా తాటాకు పాకలో వీరాయమ్మ ఇడ్లీ, కొబ్బరి పచ్చడి సిద్ధంగా ఉంచేది. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఏదో ఒక కూర, ఆఖర్న ముద్దలా కలిపిన మజ్జిగన్నం.

ఆమె వంటకి పేరొచ్చింది తొంభై ఆరు తుపానులో. అప్పటికి వయసు ముప్పై నాలుగు. భర్త ఆదినారాయణ కొబ్బరి దింపులు తీసేవాడు. తుపాను గాలికి చెట్లన్నీ మెడలు విరిగి పడిపోతే ఆయనకి ఎక్కడానికి చెట్టే లేకుండా పోయింది. ఊరంతా హైస్కూలు గదుల్లో తలదాచుకుంది. లారీలో బియ్యం, కందిపప్పు వచ్చేయి గానీ వండిపెట్టే మనిషి లేదు. వీరాయమ్మ కొంగు బిగించి, స్కూలు ఆవరణలో గాడిపొయ్యి తవ్వించి, పదకొండు రోజులు నాలుగువందల మందికి వండింది. అందరికీ పెట్టాక అడుగున మిగిలింది తింది. అందరూ తాగిన నీళ్ళే తాగింది. పన్నెండో రోజున జ్వరం తగులుకుంది. మూడు వారాలు లేవలేదు. ఊళ్ళో ఉన్న ఆరెంపీ డాక్టరు ఇచ్చిన బిళ్ళలతో తగ్గింది. జుట్టు సగం రాలిపోయి, ఆర్నెల్లలో మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఆ జ్వరం సంగతి ఆమెకి గుర్తు కూడా లేదు.

ఆ మరుసటి ఏడాది ఆదినారాయణ ఫ్యాక్టరీలో ఐసు మోసే పనికి కుదిరాడు. వెనకాలే వీరాయమ్మ మెస్సు పెట్టింది. ఆమె శుభ్రం చూసి ఫ్యాక్టరీ వాళ్ళే ముచ్చటపడేవారు. స్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని గానీ పొయ్యి వెలిగించేది కాదు. గిన్నెలు ముఖం చూసుకునేలా తోమించేది. పచ్చడి మాత్రం గరిటెతో కలిపితే కలిసినట్టే కాదని ఆమె పట్టుదల. రుబ్బిన కొబ్బరిలో ఉప్పు, చింతపండు పులుసు వేసి మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపేది. మజ్జిగన్నమూ అంతే. రుచంతా వీరాయమ్మ హస్తవాసిలో ఉందనేవారు. ఆమె ఆ మాటకి మురిసిపోయేది.

ఫ్యాక్టరీలో ఏటా నలుగురైదుగురు టైఫాయిడ్ పడేవారు. కాలవ నీళ్ళ వల్ల అన్నారు. కంపెనీ బోరు వేయించింది. అయినా జ్వరాలు ఆగలేదు. పైపు తుప్పు పట్టిందని పైపులు మార్చారు. ఆ తర్వాత ఈగలన్నారు, చెరువుల కంపు అన్నారు. గేటుకెదురుగా ఉన్న పాకవైపు చూడాలని ఎవరికీ తట్టలేదు. జ్వరం పడ్డవాళ్ళకి జావ కాచి గదులకి పంపేది వీరాయమ్మే మరి.

పీలింగ్ షెడ్డులో ఆడవాళ్ళ మీద మేస్త్రీ విజయకుమారి. మామిడికుదురు మనిషి. మెస్సు వెనకాల గదిలో అద్దెకుంటూ ఆదివారం ఆరాధనకి ఇంటికి వెళ్ళొచ్చేది. తొంభై తొమ్మిదిలో ఆమె చెల్లెలు రెబెకా టీచర్ ట్రైనింగు పరీక్షలు రాసి, ఫలితాలు వచ్చేదాకా అక్క దగ్గర ఉందామని వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. పగలంతా వీరాయమ్మ దగ్గరే కూర్చుని కబుర్లు చెప్పేది. ఇంతమందికి అన్నం పెడుతూ వేలిముద్ర వేయడమేమిటని పలక తెప్పించి, పది రోజులు కూర్చోబెట్టి వీరాయమ్మకి సంతకం నేర్పింది.

మూడో నెలలో ఆ పిల్లకి జ్వరం వచ్చింది. ఏది పెట్టినా వద్దనేది. వీరాయమ్మ మజ్జిగన్నం మెత్తగా పిసికి, పక్కన కూర్చుని ముద్దలు పెడితే మాత్రం నాలుగు తినేది. మూడో వారంలో ఒకనాటి మధ్యాహ్నం కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. అప్పటికింకా ఎదుర్లంక దగ్గర వంతెన లేదు. జీపులో రేవుకి తీసుకెళ్ళి, పంటు అవతలి ఒడ్డునుంచి వచ్చేదాకా ఎండలో నిలబడి, గోదావరి దాటించి కాకినాడ చేర్చేసరికి టైఫాయిడ్ ముదిరి పేగుకి చిల్లు పడిందన్నారు. మూడో రోజున పోయింది. ఫలితాలు ఆ తర్వాతి వారం వచ్చాయి. ఫస్టు క్లాసు.

అప్పట్నుంచి విజయకుమారికి తమ్ముళ్ళకంటే, బంధువులకంటే వీరాయమ్మే దగ్గర మనిషి అయిపోయింది.

రెండువేల ఏడులో ఫ్యాక్టరీ పంపిన సరుకు ఒకటి విదేశం నుంచి తిరిగొచ్చింది. అందులో సాల్మొనెల్లా అనే క్రిమి ఉందన్నారు. ఆ క్రిమిని కనిపెట్టే పరీక్ష ఫ్యాక్టరీ ల్యాబులోనూ ఉంది గానీ, ఫలితం తేలడానికి ఐదు రోజులు పట్టేది. ల్యాబు చూసుకునే మురళీమోహన్ ఇంకేదైనా దారి ఉందా అని వాకబు చేస్తే, విశాఖపట్నంలో రీసెర్చి చేస్తున్న సత్యశ్రీ అనే అమ్మాయి సంగతి తెలిసింది. ఆమెది రామచంద్రపురం. తను తయారుచేసిన పరికరాన్ని నిజమైన సరుకు మీద పరీక్షించడానికి ఫ్యాక్టరీ కావాలని ఆమె కూడా వెతుకుతోంది.

సత్యశ్రీ చిన్న నల్లటి పెట్టెతో, అరడజను సీసాలతో వచ్చింది. ల్యాబులో వాళ్ళని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. బంగారాన్ని మామూలు మైక్రోస్కోపుకి కూడా అందనంత సన్నటి నలుసులుగా చేసి నీళ్ళలో కలిపితే, ఆ నీళ్ళు పసుపుపచ్చగా ఉండవట, దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటాయట. ఆ నలుసుల ఒంటికి సాల్మొనెల్లాని మాత్రమే గుర్తుపట్టి అతుక్కునే పదార్థం పూస్తారు. తిండిలో ఆ క్రిమి ఉంటే నలుసులన్నీ వెళ్ళి దాన్ని చుట్టుముట్టి గుంపు కడతాయి. విడివిడిగా ఉన్నప్పుడు ఎర్రగా కనిపించిన బంగారం గుంపు కట్టగానే నీలంగా మారుతుంది. పెట్టెలోని దీపం ఆ నీళ్ళలోంచి వెలుగు పంపి, రంగు ఎంత మారిందో అంకెల్లో చూపిస్తుంది. అంతా గంటలో తేలిపోతుంది.

పెట్టె నిజం చెబుతోందని నమ్మాలంటే క్రిమి ఉన్న తిండీ కావాలి, క్రిమి లేదని గట్టిగా చెప్పగలిగిన తిండీ కావాలి. క్రిమి లేని తిండి ఎక్కడ దొరుకుతుందని సత్యశ్రీ అడిగితే, మురళీమోహన్ నవ్వి గేటువైపు చూపించాడు.

వీరాయమ్మ పొంగిపోయింది. తన వంటని పెద్ద చదువులవాళ్ళు పరీక్షకి అడగడం ఆమెకి సన్మానంలా అనిపించింది. అన్నం, పప్పు, కొబ్బరి పచ్చడి, మజ్జిగన్నం నాలుగు కొత్త గిన్నెల్లో పెట్టి, మూతలు వేసి, స్వయంగా పట్టుకెళ్ళింది. చూస్తానంటే స్టూలు వేసి కూర్చోబెట్టారు.

నాలుగు గాజు గొట్టాల్లో ఎర్రనీళ్ళు పోసి ఒక్కోదాంట్లో ఒక్కో తిండి తేట కలిపారు. అన్నం ఎర్రగానే ఉంది. పప్పు కూడా అంతే. మజ్జిగన్నం గొట్టం కాసేపటికి ఊదారంగుకి తిరిగి అక్కడే ఆగింది. పచ్చడి గొట్టం మాత్రం ఆగలేదు. ఊదా అయింది, ఇంకా ముదిరింది, చూస్తూండగానే శంఖుపువ్వు రంగులోకి వచ్చేసింది.

సత్యశ్రీ తన పెట్టె పాడైందనే అనుకుంది. గొట్టాలు కడిగి, కొత్త నీళ్ళు పోసి మళ్ళీ చేసింది. మళ్ళీ నీలమే. మూడేళ్ళ కష్టం బూడిదపాలైందని ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, వీరాయమ్మే భుజం తట్టి రేపు తాజాగా చేసి తెస్తానని చెప్పింది.

మర్నాడూ పచ్చడి నీలమే తిరిగింది. ఈసారి సత్యశ్రీ కొబ్బరి, మిర్చి, చింతపండు, బోరునీళ్ళు విడివిడిగా తెప్పించి చూసింది. అన్నీ ఎర్రగానే ఉన్నాయి. రుబ్బిన కొబ్బరి కలపకముందు ఎర్రగా ఉంది, చేత్తో కలిపాక కాసేపు ఉంచితే నీలమైంది. అప్పుడు సత్యశ్రీ వీరాయమ్మని పిలిచి, ఒక సంచిలో శుభ్రమైన నీళ్ళు పోసి, అందులో కుడిచెయ్యి కడగమంది. ఆ నీళ్ళని ఒక పూట వెచ్చగా ఉంచి పరీక్ష చేస్తే, ఆ గొట్టమూ నీలంగా మారింది.

ఆ సంగతి చెప్పడానికి సత్యశ్రీ, మురళీమోహన్ కలిసి పాకకి వచ్చారు. మధ్యాహ్నం బంతి అయిపోయింది, బల్లలు తుడుస్తున్నారు. పనివాళ్ళని బయటికి పంపించి నెమ్మదిగా చెప్పారు. వీరాయమ్మకి మొదట అర్థం కాలేదు.

"రోజుకి పదిసార్లు చెయ్యి కడుక్కుంటానండి నేను" అంది.

"తెలుసండి. ఉత్తి నీళ్ళకి అది పోదండి. క్రిమి మీ ఒంట్లోనే ఉన్నట్టుందమ్మా, మీకు జబ్బు చెయ్యకుండా. టైఫాయిడ్ తెచ్చేదీ ఈ జాతి క్రిమేనండి" అంది సత్యశ్రీ.

"నాకే జబ్బూ లేదండి మరి."

"ఆయ్. మీకు లేదండి" అంది సత్యశ్రీ.

వీరాయమ్మ కుడిచేతిని ఒళ్ళోంచి తీసి బల్లమీద పెట్టింది. దాన్ని వేరే ఎవరిదో చూసినట్టు చూసింది. గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. వేళ్ళ సందుల్లో పసుపు మరక తప్ప ఏమీ లేదు. మురళీమోహన్ ఇంకా ఏదో చెబుతున్నాడు, ఇది పెట్టె చెప్పిన మాటే, పాత పద్ధతిలో కూడా చూస్తాం, కాకినాడలో పెద్ద డాక్టరుకి చూపిద్దాం అని. ఆమెకి ఒక్కటీ చెవికెక్కలేదు. పదేళ్ళుగా ఆ చేత్తో పెట్టిన మనుషుల ముఖాలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఐసు గదిలో పనిచేసే బాబ్జీ జ్వరం పడి పెళ్ళి వాయిదా వేసుకున్నాడు. పీలింగ్ షెడ్డులో కవల పిల్లల తల్లి రెండు నెలలు మంచం మీద ఉంది. ఆ ముఖాలన్నిటి వెనకాల ఒక ముఖం ఉందని ఆమెకి తెలుసు. అక్కడిదాకా వెళ్ళలేక లేచి, పొయ్యిలో మండుతున్న కట్టెలు బయటికి లాగి, నీళ్ళు కొట్టి ఆర్పేసింది. ఆ సాయంత్రం మెస్సు తలుపు మూసేసింది.

పాత పద్ధతి పరీక్ష ఐదు రోజులకి అదే మాట చెప్పింది. కాకినాడలో మూడుసార్లు పరీక్ష చేయించి, స్కానింగు తీశారు. గాల్ బ్లాడరనే పసరు తిత్తిలో మూడు రాళ్ళున్నాయని, తుపాను తర్వాత వచ్చింది టైఫాయిడే అయి ఉంటుందని, ఆ క్రిమి చావకుండా ఆ రాళ్ళని పట్టుకుని పదకొండేళ్ళుగా అక్కడే కాపురం ఉండి, మలంతో బయటికొచ్చి చేతికి అంటుతోందని డాక్టరు చెప్పాడు. నూటికి ఇద్దరు ముగ్గురికి ఇలా అవుతుందట. వాళ్ళకి నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, మనిషి దిట్టంగా తిరుగుతూనే ఉంటుందట. ఆపరేషను చేసి ఆ తిత్తి తీసేస్తే చాలావరకు పోతుందన్నాడు.

ఫ్యాక్టరీలో ఇంకా బయటికి పొక్కలేదు. మెస్సు ఎందుకు మూసిందని అడిగినవాళ్ళకి ఆదినారాయణ ఒంట్లో బాగాలేదని చెబుతున్నాడు. విజయకుమారికి కూడా అలాగే చెబుదామన్నాడు. వీరాయమ్మ ఒప్పుకోలేదు. ఆదివారం ఉదయం ఒక్కతే బస్సెక్కి మామిడికుదురు వెళ్ళింది. విజయకుమారి అప్పుడే చర్చినుంచి వచ్చి చీర మార్చుకుంటోంది. మంచినీళ్ళివ్వబోతే వీరాయమ్మ గ్లాసు పట్టుకోలేదు. గుమ్మం అవతలే నిలబడి, పెట్టె సంగతి, చేతి సంగతి, రాళ్ళ సంగతి అంతా చెప్పేసింది. ఏదీ దాచలేదు.

విజయకుమారి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"మా రెబెకా మూడు నెలలు మీ చేతి కూడే తిందండి."

"ఆయ్" అంది వీరాయమ్మ.

"దానికి ముద్దలు పెట్టండని మిమ్మల్ని బతిమాలింది నేనే."

విజయకుమారి గ్లాసు కిందపెట్టి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. వీరాయమ్మ ఆ ఎండలో ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. చివరికి పక్కింటావిడ వచ్చి బస్టాండు దాకా నడిపించి బస్సెక్కించింది.

సోమవారానికి ఫ్యాక్టరీ అంతా తెలిసిపోయింది. కొందరు పాక ముందునుంచి వెళ్ళడానికి కూడా భయపడి చుట్టు తిరిగి వెళ్ళారు. ఎవరో గోడమీద బొగ్గుతో చెడ్డమాట రాశారు. బాబ్జీ వచ్చి దాన్ని చెరిపాడు గానీ లోపలికి రాలేదు. వీరాయమ్మకి వాళ్ళ మీద కోపం రాలేదు. తన చెయ్యి తన పళ్ళెంలో పడినా ఆమెకే ముద్ద దిగడంలేదు. ఇంట్లో ఆదినారాయణే వండేవాడు, ఆమె చెంచాతో తినేది.

పది రోజుల తర్వాత విజయకుమారి వచ్చింది. చేతిలో రెబెకా ఆస్పత్రి కాగితాలున్నాయి, ఎనిమిదేళ్ళుగా బైబిల్లో దాచినవి. చెల్లెలికి జ్వరం ఎక్కడినుంచి వచ్చిందో ఈ కాగితాలు చూస్తే డాక్టరు చెప్పగలడేమో, తెలిస్తే తన మనసు ఒకవైపన్నా నిలుస్తుందని చెప్పింది. ఇద్దరూ కాకినాడ బస్సెక్కారు. ఒకే సీట్లో కూర్చున్నారు. అప్పటికి ఎదుర్లంక వంతెన కట్టేసి ఐదేళ్ళయింది. బస్సు నాలుగు నిమిషాల్లో గోదావరి దాటేస్తుంటే విజయకుమారి తల తిప్పుకుని కిందనున్న పాత రేవు కనుమరుగయ్యేదాకా చూసింది.

డాక్టరు కాగితాలన్నీ చదివాడు. ఆ రోజుల్లో క్రిమిని పెంచి దాచిపెట్టలేదు, రక్తంలో జ్వరం గుర్తు మాత్రమే చూశారు. ఈవిడ క్రిమీ ఆ పిల్ల క్రిమీ ఒకటేనా కాదా పోల్చడానికి ఇప్పుడేమీ లేదు. ఆ ఏడు గోదావరి పొడుగునా టైఫాయిడ్ ఉంది.

"అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. ఇంక తెలీదమ్మా" అన్నాడు.

ఆ మాట ఇద్దరికీ దెబ్బలాగే తగిలింది. అవునంటే విజయకుమారి తిట్టేది, కాదంటే వీరాయమ్మ ఊపిరి పీల్చుకునేది. రెండూ లేకుండా పోయాయి. ఆస్పత్రి మెట్లమీద కూర్చుని విజయకుమారి అప్పుడు ఏడ్చింది. వీరాయమ్మ పక్కనే ఉంది గానీ చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాలలేదు.

ఆపరేషను రెండువేల ఎనిమిది ఫిబ్రవరిలో జరిగింది. ముందురోజు నర్సు కాగితం తెచ్చి వేలిముద్రకి ఇంకు డబ్బా ముందుకి జరిపితే, వీరాయమ్మ కలం అడిగింది. కలం పట్టుకున్నాక మాత్రం చెయ్యి కదల్లేదు. ఆ నాలుగక్షరాలు రాయడం ఎవరు నేర్పారో నర్సుకేం తెలుసు? ఆదినారాయణ పక్కకి తిరిగాడు. ఎంతోసేపటికి వంకరటింకరగా సంతకం చేసింది.

నెలరోజులు మందులు మింగింది. ఆ తర్వాత నెలకోసారి మూడు పరీక్షలు చేశారు. మూడింట్లోనూ క్రిమి లేదు. పోయిందన్నారు. పోయిన సంగతి నమ్మడానికి, ఉన్న సంగతి నమ్మినదానికంటే ఎక్కువ కాలం పట్టింది ఆమెకి. మురళీమోహన్ స్వయంగా వచ్చి మెస్సు తెరవమని అడిగితే, చేతితో దేన్నీ ముట్టనని, ప్రతిదీ గరిటెతోనే కలుపుతానని, సబ్బు లేకుండా ఎవర్నీ వంటలోకి రానివ్వనని చెప్పి తెరిచింది. సగం మంది వచ్చారు. పచ్చడి మునుపటిలా లేదన్నారు. ఆమె గరిటె మాత్రం వదల్లేదు. విజయకుమారి కనిపిస్తే ఆగి మాట్లాడుతుంది, ఆరోగ్యం అడుగుతుంది. పాకలోకి మాత్రం ఈ రోజుకీ రాదు.

సత్యశ్రీ పెట్టె దుకాణాల్లోకి రాలేదు. అది చేయడానికయ్యే ఖర్చు, ఆ బంగారం నీళ్ళు చెడిపోకుండా ఉంచే తిప్పలు ఇంకా తేలలేదంది. కానీ అమలాపురంలో బళ్ళలో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ళని సమావేశపరిచినప్పుడు, అందరికీ ఒకసారి పరీక్ష చేద్దామని అక్కడి అధికారుల్ని ఒప్పించింది. వచ్చిన నలభై మందిలో ఒక్కరూ ముందుకి రాలేదు. రోగమని ముద్ర పడితే బతుకు పోతుందని వాళ్ళ భయం. అప్పుడు సత్యశ్రీ, తన వెంట వచ్చి వెనక వరసలో కూర్చున్న వీరాయమ్మని లేవమంది. ఆమె లేచి, తనెవరో, ఏం జరిగిందో, రెబెకా పేరుతో సహా చెప్పింది. ఆమె కూర్చున్నాక ఒకావిడ లేచి కొంగు సర్దుకుని బల్ల దగ్గరికి వెళ్ళింది. వెనకాల ఇంకొకరు.

నెల తిరక్కుండా ఒకరికి ఉందని తేలింది. రాజోలు దగ్గర బళ్ళో వండే దీనమ్మ. ఆ కబురు ఎవరు చెప్పాలని అధికారులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, వీరాయమ్మ తను వెళ్తానంది.

వెళ్ళేసరికి దీనమ్మ పెరట్లో కొబ్బరి ఆకులు చీరుతోంది. విషయం విని చేతిలో కత్తి పక్కన పెట్టింది. నలభై ఐదేళ్ళుంటాయి, గట్టి మనిషి.

"నాకేం లేదండి. చూడండి, నిక్షేపంలా ఉన్నాను" అంది.

"ఆయ్, ఉన్నారండి" అంది వీరాయమ్మ. అరుగు మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది.